దారాల గదిలో చుక్కలూ గీతలూ

మా ప్యాంట్లు కుట్టే ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ నంబరాయన అనేవాళ్ళు. దారాల స్టోరు ఆయనది. ఇరవై రెండేళ్ళుగా ఆ గది తాళాలు ఆయన నడుముకే వేలాడుతున్నాయి. కుట్టు లైన్లోంచి ఎవరైనా బట్టముక్క పట్టుకెళ్ళి "దీనికి సరిపోయే దారం ఇవ్వండి" అంటే, ఆ ముక్క వైపు కన్నెత్తి చూసేవాడు కాదు.

"నంబరు రాయించుకురా" అనేవాడు.

"అదిగోనండీ, ఎదురుగా రెండో వరసలో ఉంది, చెయ్యి చాపితే అందుతుంది!"

"నంబరు."

అంతే. ఇంకో మాట ఉండదు. మొండిఘటం అని మేం తిట్టుకునేవాళ్ళం. పద్ధతి గల మనిషని మేనేజరు మెచ్చుకునేవాడు. నా పని లైను చివర నిలబడి, కుట్టు పూర్తయిన ప్యాంట్లని తిరగేసి మరగేసి చూడటం. రోజుకి తొమ్మిది గంటలు నిలబడే ఉద్యోగం. సాయంత్రానికి కాళ్ళు నావి కావు. ఆ కాళ్ళతో ఉన్నదాన్ని నంబరు కోసం మళ్ళీ మేడెక్కి రమ్మంటే ఒళ్ళు మండదా?

ఆయన సంగతంతా నాకు తర్వాత తెలిసింది. కొంత ఆయనే చెప్పాడు, కొంత వాళ్ళావిడ చెప్పింది. అప్పటికి ఆయన్ని అన్నయ్యా అనీ, ఆవిణ్ణి వదినా అనీ పిలిచే చనువు వచ్చింది నాకు.

మూడో తరగతిలో ఉండగా చెట్టు బొమ్మకి రంగులు వెయ్యమన్నారట. ఆయన ఆకులకి గోధుమరంగు, మానుకి ఆకుపచ్చ వేశాడు. వేళాకోళం చేస్తున్నాడనుకుని మాస్టారు పీరియడ్ అయ్యేదాకా బెంచీ ఎక్కించి నిలబెట్టారు. ఏం తప్పు చేశాడో ఆ పిల్లాడికి అర్థం కాలేదు. కానీ రంగు పెన్సిళ్ళ మీద సన్నటి అక్షరాలతో రంగు పేరు రాసి ఉంటుందని కనిపెట్టాడు. అప్పట్నుంచీ పేరు చదివి రంగు వెయ్యడమే. కొందరికి లెక్కలు ఒంటబట్టనట్టు తనకి రంగులు ఒంటబట్టవు అనుకున్నాడు. అదొక మందమతితనం అనుకుని నోరు మూసుకున్నాడు.

ఫ్యాక్టరీలో చేరింది లోడింగులో. పాత స్టోరు కీపరు మానేసి వెళ్ళిపోతే, చేతిరాత బాగుందని ఈయన్ని ఆ గదిలో కూర్చోబెట్టారు. ఆరువందల పైచిలుకు దారాల రంగులు. వద్దనడానికి కారణం చెప్పాలి కదా. చెప్పలేక కూర్చున్నాడు. మొదటి రోజే ఒక దారపు కండె ఎత్తి చూస్తే, దాని బోలు గొట్టం లోపల చిన్న స్టిక్కరు, దాని మీద రంగు నంబరు. ప్రాణం లేచొచ్చిందట. వారం తిరిగేసరికి అరలన్నీ నంబర్ల వరసలో సర్దేశాడు. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు ఒక్క కండె తప్పివ్వలేదు.

తప్పివ్వలేదు గానీ, ఆ ఇరవై రెండేళ్ళూ కాపలా కాసుకుంటూనే ఉన్నాడు. ఎవరైనా రంగు పేరు చెప్పి అడుగుతారేమో, మేనేజరు నవ్వుతూ "ఆ ఎర్రది ఇలా అందుకో" అంటాడేమో అని. మనుషులు వచ్చినప్పుడల్లా పుస్తకంలో తలదూర్చేవాడు. ఆ ముభావమంతా అందుకే. ఇంటికెళ్ళి కూర్చుంటే మాట్లాడ్డానికి కూడా ఓపిక ఉండేది కాదు. "గదిలో కూర్చుని దారాలిచ్చే మనిషికి ఇంత నీరసమేంటండీ" అనేది వదిన. వదిన పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేస్తుంది. రోజంతా నవ్వు మొహంతో నిలబడాలి. ఆవిడ నీరసం ఆవిడది.

వదినకి ఫోన్లో ఒక ఆట అలవాటైంది. పెద్ద పటం, నిండా తేనెపట్టు గదుల్లాంటి పొలాలు, నాలుగు గుంపులు. మన వంతు వచ్చినప్పుడు పక్క పొలాన్ని కలుపుకోవాలా, ఉన్నదానికి కాపలా పెట్టాలా, అవతలి గుంపుతో సంధి చేసుకోవాలా అని ఆలోచించి ఎత్తు వెయ్యాలి. కొట్టుకోవడాలూ కాల్చుకోవడాలూ లేవు. ఒకే ఫోను మీద ఇద్దరు వంతులవారీగా ఆడొచ్చు. సాయంత్రం ఓ అరగంట ఈయన్ని కూడా కూర్చోబెట్టేది. వదిన ఎరుపు, ఈయన ఆకుపచ్చ, ఇద్దరూ ఒక పక్షం. గోధుమరంగూ పసుపూ శత్రువులు.

"ఏమండీ! మళ్ళీ నా పొలం మీదకే వచ్చారేంటి?"

"పొరపాటయింది."

"పొరపాటు మూడోసారి. మీ మనసు ఎక్కడుందో గానీ ఇక్కడైతే లేదు."

నాలుగు నెలలు ఇదే తంతు. తెలివైన మనిషే, ఎత్తు బాగానే ఆలోచిస్తాడు, తీరా వేసే చోటికి వచ్చేసరికి సొంత పక్షం మీదే పడతాడు. వదిన మొదట నవ్వేది, తర్వాత విసుక్కునేది, చివరికి తనతో ఆడటం ఇష్టంలేక చేస్తున్నాడనుకుని నొచ్చుకుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం వదిన బట్టలు ఇస్త్రీ చేస్తూ, "ఆ ఆటలో అక్షరాలు నా కళ్ళకి ఆనడం లేదు, కాస్త పెద్దవి అవుతాయేమో చూసిపెట్టండి" అంది. ఈయన సెట్టింగుల్లోకి వెళ్ళాడు. ఎప్పుడూ చూడని పేజీ ఒకటి కనిపించింది. పైన "అందరికీ వీలుగా" అని ఉంది. కింద వరసగా చాలా ఉన్నాయి. అక్షరాలు పెద్దవి చేయడం. వంతుకి గడువు తీసేయడం, నింపాదిగా ఆలోచించుకునేవాళ్ళకి. ఒక్క చేత్తోనే ఆడేలా బొత్తాలన్నీ ఒకే పక్కకి జరపడం. చెవులు వినపడనివాళ్ళకి గంట మోగినప్పుడల్లా తెర అంచు మెరవడం. చూపు లేనివాళ్ళకి పటం చదివి వినిపించడం. అక్షరాలు పెద్దవి చేసి, ఊరికే కిందికి జరుపుతూ పోయాడు.

"రంగుల మధ్య తేడా తెలియడం లేదా?" అని ఉంది అక్కడ.

దాని కింద రెండు చిన్న బొమ్మలు, ఒకే పటం రెండుసార్లు. ఎడమ బొమ్మ ఆయనకి బురద కలిపినట్టు ఒకే ముద్దగా కనిపించింది. కుడి బొమ్మలో కొన్ని పొలాల మీద చుక్కలు, కొన్నిటి మీద గీతలు, కొన్నిటి మీద అలలు. ఎడమ బొమ్మ వైపు మళ్ళీ చూశాడు. అక్కడ సరిహద్దు ఉందన్నమాట. అందరికీ కనిపిస్తుందన్నమాట.

మీట నొక్కాడు. ఆటలోకి వెళ్ళి చూశాడు. ఎవరి పొలాలు ఎక్కడున్నాయో, వదిన నాలుగు నెలలుగా దేన్ని చూపించి కేకలేస్తోందో మొత్తం తెలిసిపోయింది. తీసేశాడు. పెట్టాడు. మళ్ళీ తీసేశాడు. అలా ఎంతసేపు చేశాడో ఆయనకే తెలీదు.

వదిన తొంగి చూసింది. "ఫోనుకేమైందండీ? తట్టు పోసినట్టు ఒళ్ళంతా ఆ చుక్కలేంటి?"

"నేనే పెట్టాను."

"ఎందుకు?"

"ఇందులో ఎరుపేదో ఆకుపచ్చేదో నాకు తెలీదు. ఎప్పుడూ తెలీదు."

వదినకి మొదట నవ్వొచ్చిందట. హాస్యమాడుతున్నాడనుకుంది. ఆయన మొహం చూశాక ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసి కూర్చుంది.

"అయితే టమాటాలు..."

"నొక్కి చూసి తెచ్చేవాణ్ణి. మెత్తగా ఉంటే పండినట్టు."

ఇరవై నాలుగేళ్ళ కాపురంలో పచ్చివి తెచ్చాడనీ, మరీ మగ్గినవి తెచ్చాడనీ వారం వారం చీవాట్లు పెట్టింది. ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు మనిషి.

"నాకైనా చెప్పొచ్చు కదండీ."

"చెప్పడానికి దీనికో పేరుందని తెలిస్తే కదా. నేనే మొద్దునేమో అనుకున్నా."

పేరు ఆ మీట కిందే చిన్న అక్షరాల్లో ఉంది. వర్ణాంధత్వం. అంధత్వం అన్నమాట చదివి ఆయన బెదిరిపోయాడు. ఇద్దరూ ఫోన్లో వెతికి చదువుకున్నారు. పుట్టుకతో వచ్చేదేననీ, మగవాళ్ళలో చాలామందికి ఉంటుందనీ, ముదరదనీ తగ్గదనీ.

మేనేజరుకి చెప్పెయ్యండి అంది వదిన.

"దారాల గదిలో కూర్చున్నవాడికి రంగులు తెలియవంటే గేటు బయట నిలబెడతారు. ఇన్నేళ్ళు నెట్టుకొచ్చా. రిటైరవడానికి ఇంకో ఎనిమిదేళ్ళు. గడిచిపోతాయి."

ఆటలో మాత్రం ఆ రోజు నుంచి ఆయనకి ఎదురు లేదు. వదిన గెలవలేక, "ఆ తట్టు తీసేస్తే తప్ప మీతో ఆడను" అని వేళాకోళం చేసేది. ఫ్యాక్టరీలో మాత్రం బరువు పెరిగింది. ఇదివరకు ఏం దాస్తున్నాడో తనకే సరిగ్గా తెలీదు. ఇప్పుడు తెలిసి దాస్తున్నాడు.

నెలా పది రోజులకి ఆ సంగతి జరిగింది.

గోధుమరంగు ప్యాంట్ల ఆర్డరు నడుస్తోంది. దారం నంబరు నాలుగువందల పద్దెనిమిది. పొద్దున్నే కొత్త పెట్టె విప్పి, స్టిక్కరు చూసి, ఆరు కండెలు లైనుకి ఇచ్చాడు. పెట్టె మీద నాలుగువందల పద్దెనిమిదే, కండె లోపల నాలుగువందల పద్దెనిమిదే. దారం మాత్రం ముదురు ఆకుపచ్చ. పంపినవాళ్ళ దగ్గరే స్టిక్కర్లు తారుమారయ్యాయి. కుట్టేవాళ్ళకి కనపడింది, కనపడకేం. డిజైనేమో అనుకున్నారు. ఈమధ్య అలాంటివి వస్తున్నాయి, అడిగితే సూపర్‌వైజరు కసురుతుంది, మనకెందుకని కుట్టుకుంటూ పోయారు. నా చేతికి మొదటి కట్ట వచ్చేసరికి భోజనాల వేళ. అప్పటికి రెండువందల నలభై ప్యాంట్లు అయిపోయాయి.

ఒక ప్యాంటు పట్టుకుని స్టోరుకి పరిగెత్తాను. "ఇదేంటండీ, చూడకుండా ఎలా ఇచ్చారు?" అన్నాను కుట్టు చూపిస్తూ.

ఆయన ఆ కుట్టు మీద చెయ్యి పెట్టి తడిమాడు. "సరిగ్గానే ఉందిగా. కుట్టు వదులైందా?" అన్నాడు.

గోధుమరంగు మీద ఆకుపచ్చ, పది అడుగుల దూరం నుంచి కొట్టొచ్చినట్టు కనపడుతోంది. ఆయన నా మొహం చూశాడు, తనేదో తప్పు మాట అన్నానని అర్థమైంది, చప్పున పుస్తకం తీసి "నంబరు నాలుగువందల పద్దెనిమిది, కావాలంటే చూసుకో" అన్నాడు.

మేనేజరు వచ్చాడు. స్టిక్కరు చూశాడు, పెట్టె చూశాడు. పంపినవాళ్ళదే తప్పని తేల్చాడు. "ఈయనేం చేస్తాడు, నంబరు చూసే ఇచ్చాడు" అన్నాడు. ఆయన మీద ఈగ వాలలేదు. అక్కడితో ఊరుకుని ఉంటే అంతా అక్కడితో అయిపోయేది.

కానీ రెండువందల నలభై ప్యాంట్ల కుట్లూ విప్పాలి. ఆ పని మా మీద పడింది. ఒక్కో కుట్టూ చిన్న కత్తి మొనతో లేపి, తెంపి, లాగాలి. మూడు రోజులు షిఫ్టు అయ్యాక రెండేసి గంటలు కూర్చున్నాం. మెడలు పట్టేశాయి, వేళ్ళు బొబ్బలెక్కాయి. రెండో రోజు ఆయన తాళాలు వేసుకుని వెళ్ళబోతూ మా దగ్గర ఆగాడు. కాసేపు నిలబడ్డాడు. ఏమనుకున్నాడో, బల్ల లాక్కుని నా పక్కన కూర్చుని, "ఇలా ఇవ్వు, నేనూ విప్పుతా" అన్నాడు.

మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నంబరాయన ఏంటి, కుట్లు విప్పడమేంటి! ఆయన ప్యాంటు ఒళ్ళో వేసుకుని, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, కత్తి మొన గుచ్చాడు. పర్రున శబ్దం. బట్ట చిరిగింది. తల ఎత్తకుండా ఇంకోచోట గుచ్చాడు. అదీ బట్టే. దారమెక్కడో బట్టెక్కడో ఆయనకి తెలియడం లేదని నాకప్పుడు అర్థమైంది. చెమట కారి బట్ట మీద పడుతోంది.

"ఆపండి. మీకిది కనపడటం లేదు కదూ?" అన్నాను మెల్లగా.

కత్తి కింద పెట్టేశాడు. "లేదమ్మా" అన్నాడు. ఆ మాట అన్నాక మనిషి ఎంత నీరసపడిపోయాడంటే, లేవడానికి బల్ల పట్టుకోవాల్సొచ్చింది.

మర్నాడు పొద్దున్న చిరిగిన ప్యాంటు పట్టుకుని మేనేజరు గదికి వెళ్ళాడు. నన్ను కూడా రమ్మన్నాడు. సంగతి చెప్పాడు. మేనేజరు ముందు నమ్మలేదు.

"ఇరవై రెండేళ్ళు దారాల గదిలో ఉండి రంగులు తెలియవంటావేంటయ్యా? ఎవరైనా వింటే నవ్వుతారు."

ఆయన జేబులోంచి ఫోను తీశాడు. ఆట తెరిచి బల్ల మీద పెట్టాడు. "సార్, ఇది నాకు ఒకటే ముద్ద." మీట నొక్కాడు. చుక్కలూ గీతలూ వచ్చాయి. "ఇప్పుడు మీకెలా ఉందో నాకూ అలాగే ఉంది."

"ఇది ఆట కదయ్యా."

"ఆటేనండీ. దాన్ని చేసినవాళ్ళకి నేనెవరో తెలీదు. అయినా నాలాంటివాడొకడు ఆడతాడేమోనని ముందే ఒక మీట పెట్టి ఉంచారు. నేనిక్కడ ఇన్నేళ్ళుండి కూడా మిమ్మల్ని ఒక్క మీట అడగలేకపోయాను."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయనా అలిసిపోయే ఉన్నాడు, ఆ ఆర్డరు గొడవలో మూడు రోజులుగా పైవాళ్ళతో మాటలు పడుతున్నాడు. కసరనూ లేదు, ఓదార్చనూ లేదు. "ముందు కళ్ళ పరీక్ష చేయించుకురా" అన్నాడు. కాగితం వచ్చాక, గేటు బయటికైతే పంపలేదు. ఆ అరల లెక్క ఇంకెవరికీ తెలీదు మరి. కానీ ప్రతి కండెనీ బయటికి వెళ్ళేముందు ఇంకో మనిషి చూడాలని రాతపూర్వకంగా ఇచ్చాడు. ఆ ఇంకో మనిషిని నేను.

మొదటి రెండు వారాలూ ఇద్దరికీ నరకమే. ఆయన ఇచ్చిన ప్రతి కండెనీ నేను వెలుతురులోకి తీసుకెళ్ళి చూడటం, ఆయన తల దించుకుని నిలబడటం. ఒకరోజు "నేనేదో దొంగనైనట్టుంది" అన్నాడు. "నాకు మాత్రం సరదానా అన్నయ్యా, అక్కడ తొమ్మిది గంటలు నిలబడేదాన్ని, ఇక్కడా నిలబడే ఉన్నాను" అన్నాను. ఆయన లేచి తన స్టూలు నా వైపు జరిపాడు. అన్నయ్యా అని పిలవడం ఆ రోజే మొదలు.

ఆ స్టూలు మీద కూర్చునే ఉపాయం ఆలోచించాం. ఉపాయం ఆయనదే, ఆటలోంచి వచ్చిందే. పెట్టె రాగానే నేను విప్పి, రంగు చూసి, ప్రతి కండె అడుగునా గుర్తు వెయ్యాలి. ఎరుపులకి చుక్క, ఆకుపచ్చలకి గీత, గోధుమరంగులకి అల, బూడిదరంగులకి గళ్ళు. అలా తొమ్మిది గుర్తులు. ఏ నంబరుకి ఏ గుర్తు ఉండాలో ఆయన ఒక పుస్తకం రాసుకున్నాడు. ఇచ్చేముందు కండె తిరగేసి చూస్తాడు. నంబరు ఒకటి చెప్పి గుర్తు ఇంకోటి చెబితే ఆపేస్తాడు. అలా రెండో నెలలోనే ఒక పెట్టె దొరికింది, మళ్ళీ ఆ స్టిక్కర్లు తారుమారు చేసినవాళ్ళ దగ్గర్నించి వచ్చిందే. నంబరు ముదురు ఎరుపుది, గుర్తు బూడిదది. నేను గుర్తు వేశానే గానీ స్టిక్కరు చదవలేదు. ఆయన పట్టుకున్నాడు. మేనేజరు భుజం తట్టి వెళ్ళాడు. ఆ వారమే అన్నయ్య రెండు రోజులు సెలవు పెట్టాడు. ఒంట్లో బాగోలేదేమోనని వదినకి ఫోను చేస్తే, "నిద్రపోతున్నారమ్మా, భోజనానికి లేపితే తిని మళ్ళీ పడుకుంటున్నారు. ఇన్నేళ్ళ నిద్ర బాకీ ఉన్నట్టుంది" అంది.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ ఈ వ్యవహారం పైదాకా వెళ్ళి, ఫ్యాక్టరీలో అందరికీ కళ్ళ పరీక్ష చెయ్యమని వచ్చింది. నాకు కళ్ళజోడు పడింది. మగవాళ్ళలో ఇంకో ముగ్గురికి అన్నయ్యకి ఉన్నదే ఉందని తేలింది. ఒకడు గుమస్తా, వాడికేం కాలేదు. ఒకాయన కటింగ్ మాస్టరు, ఆయన అన్నయ్య దగ్గరికొచ్చి గుర్తుల పుస్తకం చూసి నకలు రాసుకుపోయాడు. మూడోవాడు సరుకు వ్యాను డ్రైవరు. పద్నాలుగేళ్ళు ఒక్క ప్రమాదం చెయ్యకుండా నడిపిన మనిషి. సిగ్నలు దీపాల్లో పైదేదో కిందదేదో చూసుకుని నడిపేవాడట. ఎంత చెప్పినా వినకుండా వ్యాను తాళాలు తీసుకుని లోడింగులో వేశారు.

అన్నయ్య ఆయన దగ్గరికి వెళ్ళాడు. "నీ గురించి మాట్లాడతాను, మేనేజరుతో నేను..." అంటుండగానే ఆ డ్రైవరు మూట దించి, "నీ నోరు నువ్వు మూసుకుని ఉంటే నా బండి నాకుండేది" అని లోపలికి పోయాడు. అన్నయ్య మేనేజరుతో నిజంగానే మాట్లాడాడు, రెండుసార్లు. ఆ విషయం తన చేతుల్లో లేదన్నాడు మేనేజరు.

ఏడు నెలలయ్యాక నన్ను మళ్ళీ లైనుకి పంపారు. పెట్టెలు వచ్చినప్పుడు మాత్రం వెళ్ళి గుర్తులు వేసి వస్తాను. స్టోరులో ఇప్పుడు స్టూళ్ళు రెండు. అన్నయ్య ఇప్పుడు మనుషుల మొహం చూసి మాట్లాడతాడు. ఎవరైనా బట్టముక్క తెస్తే "ఇదేం రంగమ్మా?" అని అడుగుతాడు. వాళ్ళు మెరూన్ అని ఒకరూ, ఇటుకరంగని ఒకరూ పోట్లాడుకుంటే వింటాడు. కానీ నీరసం పూర్తిగా పోలేదు, వేరే రకంగా ఉంది.

పొద్దున్న గేటు దగ్గర లోడింగు వాళ్ళ వరసా మా వరసా పక్కపక్కనే. రోజూ డ్రైవరుని చూసి అన్నయ్య తలూపుతాడు. ఆయన చూడనట్టు పక్కకి తిరుగుతాడు.

"ఆయన చూడనే చూడడు, రోజూ తలూపడం ఎందుకన్నయ్యా?" అన్నాను మొన్న.

"వాడి బాధ వాడిదమ్మా" అన్నాడు. వరస కదిలితే ఇద్దరం లోపలికి నడిచాం.